నక్క కంచెలో చేదాకు

బోడిగుట్ట కింద కూలిపోగా మిగిలిన కొట్టాలు, ఒక వాగు, ఎటు చూసినా రాయి. మనుషులు ఎప్పుడో మూటాముల్లె సర్దుకుని పోయారు. జీవాలే ఉండిపోయాయి. కింద కర్రెద్దు, చుక్కకోడి, ఒక గొర్రెల మంద. పైన బండల సందులో నక్క, దాని మోచేతి నీళ్ళు తాగే ఒక కాకి.

వానలు మొదలవగానే వాగు నీళ్ళు ఎర్రబడతాయి. అవి తాగితే పారుడు రోగం. పెద్దవైతే నీరసపడి లేస్తాయి, పిల్లలైతే లేవవు. దానికి మందు ఒక్కటే, చేదాకు.

ఆ ఆకు గుణం కనిపెట్టింది ముసలి మేక. కనిపించిన ప్రతి ఆకూ కొరికి చూడటం దాని అలవాటు. ఒక ఆకుకు నోరు పొక్కింది, ఒక ఆకుకు కాళ్ళు పడిపోయాయి, ఇంకొకదానికి మాత్రం కడుపు కుదుటపడింది. కుంటుకుంటూ వాగు దాకా వచ్చి అందరికీ చెప్పింది. ఎవరి దగ్గరా ఏమీ అడగలేదు. ఆ ఎండాకాలమే కన్నుమూసింది.

మేక పోయిందో లేదో, గుట్ట మీద చేదాకు పొదలున్న చోట చుట్టూ నక్క రేగుకంప కంచె నాటింది. కంచె బయట మొలిచినవాటిని వేళ్ళతో సహా పీకి వాగులో పారేసింది. అంతకుముందు అందరికీ అది నక్కబావ. ఇప్పుడు బావా అంటే పలకదు. వైద్యులుగారూ అనాలి.

నిరుడు వానల్లో బూదమ్మ పిల్లకు పారుడు పట్టుకుంది. బూదమ్మ బూడిద రంగు గొర్రె. నలుగురిలో నోరు విప్పదు, ముందు నడిచేవాళ్ళ వెనక తల దించుకుని నడిచే రకం. అలాంటిది ఒక్కతే గుట్ట ఎక్కింది.

"ఒక పక్క ఉన్ని మొత్తం ఇవ్వాలి. ఒక ఆకు ఇస్తాను" అంది నక్క.

"కిందటేడు గుప్పెడు ఉన్నికే ఇచ్చారు కదండీ."

"అది అప్పటి ధర. ఈ మందు కోసం ఎంత కష్టపడ్డానో నీకేం తెలుసు? ఎన్ని ఆకులు కొరికితే ఇది దొరికిందనుకున్నావు?"

"కొరికింది మేకత్త కదండీ."

నక్క తీరిగ్గా చెవి గోక్కుంది. "అది కొరికింది. నేను ఆలోచించాను."

బూదమ్మ ఒక పక్క ఉన్ని ఇచ్చి ఆకు తెచ్చుకుంది. ఒక ఆకుతో తగ్గలేదు. మళ్ళీ ఎక్కి రెండో పక్క ఇచ్చింది. పిల్ల కళ్ళు తెరిచింది గానీ కాళ్ళు నిలవలేదు. మూడోసారి వెళ్ళేసరికి ఒంటి మీద ఇవ్వడానికి ఏమీ లేదు.

"చెవులు ఇస్తావా?" అంది నక్క. పైన కాకి పకపకా నవ్వింది.

"ఉన్ని పెరగ్గానే తెచ్చిస్తానండి."

"పెరిగాకే రా. ఆకు ఎక్కడికీ పోదు."

నక్క వెనక కోసి పడేసిన ఆకు కుప్పగా ఉంది. సగం నల్లబడి దాని మీద ఈగలు ముసురుతున్నాయి. బూదమ్మ అది చూసింది. "పోనీ ఆ కుళ్ళేదాంట్లోంచి ఒకటివ్వండి, పుణ్యముంటుంది."

"కుళ్ళేది ఊరికే ఇస్తే రేపు పచ్చిది కొనేదెవరు?" అంది నక్క. చెప్పింది కూడా ఎంత మామూలుగానో, వాన వస్తే తడుస్తాం అన్నంత మామూలుగా.

బూదమ్మ దిగి వచ్చేసరికి ముసురు పట్టింది. పిల్ల చలికి వణుకుతోంది. దగ్గరికి లాక్కుని కప్పుకుందామంటే తన ఒంటి మీద ఉన్ని లేదు. ఆ ఉన్ని బండల సందులో నక్క కింద పరుపై ఉంది. తెల్లారేసరికి పిల్ల వణకడం మానేసింది.

గొర్రెకు కోపం రాదని లోకం అనుకుంటుంది. బూదమ్మకు వచ్చిన కోపం మేత మేసినా పోలేదు, నీళ్ళు తాగినా పోలేదు. చలికాలం పోయేసరికి ఒంటి మీద ఉన్ని మళ్ళీ దట్టంగా పెరిగింది. కొత్తగా ఒక ఆడపిల్ల పుట్టింది. అది గెంతుతుంటే చూసి అందరూ మురిసిపోయారు, బూదమ్మ మాత్రం మబ్బు వైపు చూసేది. మళ్ళీ వానలు వస్తాయి. వాగు మళ్ళీ ఎర్రబడుతుంది.

చేదాకు పొదలకు గింజ ముదిరే రోజుల్లో బూదమ్మ గుట్ట ఎక్కింది. నక్క ఆ ఉన్ని పరుపు మీదే పడుకుని ఉంది.

"వైద్యులుగారూ, పొదలు కాస్త పాలిపోయినట్టున్నాయి."

"నీ మొహంలా ఉన్నాయా?" అంది గానీ, నక్క వెనక్కి తిరిగి చూసుకుంది.

"పెంట పడక అలా అయిపోయాయండి. పూర్వం మా మందను చేలో పడుకోబెట్టుకోవడానికి రైతులు గింజలు కొలిచి ఇచ్చేవారు. మా పెంట పడితే చేను నల్లగా, ఏపుగా లేచేది. మీరు మాకేమీ కొలవద్దు. వానలప్పుడు నా పిల్లకు ఒక్క ఆకు ఇవ్వండి చాలు."

నక్క కళ్ళు సగం మూసుకుంది. పెంట ఊరికే. ఆకు రెండింతలు. ధర ఎలాగూ తన నోట్లో మాట. "ఆకు సంగతి అప్పుడు చూద్దాంలే. మూతులకు చిక్కాలు కట్టుకుని రావాలి. ఒక్క రెమ్మ కొరికినా ఊరుకోను. పొద్దున పోయేటప్పుడు నోరు తెరిచి చూపించాలి."

"చూపిస్తామండి."

"మందంతా వస్తుందా?"

"నేను నడిస్తే వస్తుందండి. గొర్రెలం కదా" అంది బూదమ్మ, తల దించుకుని.

ఆ రోజు నుంచి మంద మూతులకు నార చిక్కాలు కట్టుకుని నక్క పొదల మధ్య పడుకుంది. పొద్దున కంచె దగ్గర చిక్కాలు విప్పించి నక్క కాపలా.

"నోరు తెరువు. నాలుక ఎత్తు. ఆ బుగ్గలో ఏంటి?"

"ఏం లేదయ్యా, నా పన్ను ఊడింది" అనేది పెద్దగొర్రె.

"ఊడిన చోట దాచావేమో, ఇంకా తెరువు."

ఒక్కొక్క నోట్లో మూతి పెట్టి వాసన చూసి పంపేది. ఒంటి వైపు మాత్రం ఎన్నడూ చూడలేదు. చేదాకు గింజకు కొక్కెంలాంటి ముల్లుంటుంది. తగిలితే చాలు అంటుకుంటుంది. రోజూ పొద్దున ప్రతి గొర్రె డొక్కకూ గింజలు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. నక్క తోకకూ అంటుకునేవి. అది వాటిని పళ్ళతో పీకి, ఎక్కడి దరిద్రపు గింజలివి అని ఉమ్మేసేది. ఆకు అమ్ముకు తినేదానికి ఆకే కనిపిస్తుంది.

"బూదమ్మా, ఒళ్ళంతా జిలగా ఉంది. ఈ బండకు రాసుకుంటానే" అంది పెద్దగొర్రె, దారిలో.

"ఇక్కడ కాదక్కా. కర్రెద్దు మామ గోడ దాకా ఓర్చుకో."

కర్రెద్దు గోడకు రాసుకున్నాయి. కోడి ముంగిట దొర్లాయి. వాగు గట్టున, పాత కొట్టాల వెనక, ఎక్కడ మన్ను మెత్తగా ఉంటే అక్కడ ఒళ్ళు దులిపాయి.

"నా వాకిట్లో ఈ చెత్తేంటే?" అంది చుక్కకోడి.

"ఏరుకుని తినకు వదినా. చేదు."

"చేదైతే నాకెందుకు, నువ్వే తిను" అని కోడి మన్ను కెలికింది. గింజలు ఇంకా లోపలికి పోయాయి.

వానకు ముందే నక్క పొదలన్నీ దూసేసింది. ఒక్క ఆకు మిగల్చకుండా గుహలో గుట్టలు పోసుకుంది, ఈసారి రెండు పక్కల ఉన్నికి ఒక ఆకు అమ్ముదామని. వాన పడింది. వాగు ఎర్రబడింది. గోడ పక్కన, ముంగిట, గట్టు మీద పచ్చగా మొలకలు లేచాయి, మోకాలెత్తు పెరిగాయి.

పారుడు కూడా వచ్చింది. ముందుగా పడింది బూదమ్మ పిల్లే.

కాకి ఎగురుకుంటూ వచ్చి కర్రెద్దు వీపు మీద వాలింది. "అందరూ వినండి. ఇక్కడ మొలిచింది చేదాకు కాదు. చూడ్డానికి అలా ఉంటుంది, తింటే పేగులు తెగుతాయి. వైద్యులుగారి దగ్గరి ఆకే మందు. మీ మేలు కోరి చెబుతున్నాను."

"ఈ మేలుకు నీకెంత మాంసం పెడుతున్నాడు?" అంది కోడి. అన్నదే గానీ, అదీ మొక్క దగ్గరికి పోలేదు. ఎవరికైనా పేగులంటే భయమే.

బూదమ్మకూ భయం వేసింది. పిల్ల అప్పటికే మెడ వాల్చేసింది. గుట్ట ఎక్కితే నక్క ఉన్ని లాక్కుంటుంది, ఎక్కకపోతే ఈ పిల్లా పోతుంది. గోడ పక్కకు పోయి ఒక రెమ్మ కొరికింది. చేదు నాలుక చివర నుంచి గొంతు దాకా పాకింది. నిరుడు పిల్ల మూతి నుంచి కారిన రసాన్ని తనే నాకింది. ఆ చేదును అది మరిచిపోలేదు. ఇదీ అదే. ఇంకో రెమ్మ నమిలి మెత్తగా చేసి పిల్ల నోట్లో పెట్టింది. కాసేపాగి మళ్ళీ పెట్టింది. ఎంత కావాలంటే అంత పెట్టింది, ఎవరి మొహమూ చూడకుండా.

పొద్దు వాలేలోపు పిల్ల లేచి పొదుగు వెతుక్కుంది.

అది చూసి మందంతా గోడ పక్కకు వచ్చింది. కోడి తన పిల్లల్ని పిలుచుకుంది. ఈ సంగతి కాకి మోస్తే నక్క గుట్ట దిగి వచ్చింది.

"దొంగల్లారా. అది నా ఆకు. నా పొదల్లో గింజ."

ఎప్పుడూ మాట్లాడని బూదమ్మే మాట్లాడింది. "పొద్దున నీ కాకి ఇది విషమని చెప్పింది. విషమైతే నీ ఆకు కాదు. నీ ఆకైతే విషం కాదు. ఏదో ఒకటి చెప్పి పో."

నక్క కాకి వైపు చూస్తే, కాకి తన రెక్కలోంచి ఈక పీక్కుంటోంది.

"తొందరేం లేదు. ఆలోచించుకో" అంది కర్రెద్దు. "నీకు ఆలోచించడం బాగా వచ్చట కదా." ఒక పెద్ద రెమ్మ లాగి నక్క కళ్ళెదుటే నెమరు వేసినంత నిదానంగా నమిలింది.

ముసురు తగ్గేసరికి నక్క గుహలోని ఆకు గుట్టంతా కుళ్ళి నీరైంది. కొనేవాళ్ళు లేరు. గుట్ట మీది పొదలకు మిగిలింది పుల్లలే. అప్పుడు పట్టుకుంది నక్కకు పారుడు.

కాళ్ళీడ్చుకుంటూ గోడ దాకా వచ్చింది. ఆ ఉన్ని పరుపును నోట కరుచుకుని తెచ్చింది. "బూదమ్మా, నీ ఉన్ని నువ్వు తీసుకో. ఒక్క ఆకు ఇప్పించు తల్లీ."

"ఇవ్వకే" అంది కోడి.

బూదమ్మ ఉన్నిని వాసన చూసింది. నక్క కంపు. పిల్ల వాసన ఎక్కడా లేదు.

"నోరు తెరువు" అంది.

నక్క తెరిచింది.

"ఇంకా తెరువు. నాలుక ఎత్తు."

ఎత్తింది. మందలో గొర్రెలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి, నక్క నోట్లోకి తొంగి చూసి, వాసన చూసి, పక్కకు పోయాయి. పెద్దగొర్రె రెండుసార్లు చూసింది. నక్క నోరు తెరిచే ఉంచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరి గొర్రె కూడా పోయాక బూదమ్మ ఒక రెమ్మ తుంచి ఆ నోట్లో పెట్టింది.

"ధర లేదు. నీలాగా ఉండటం నాకు చేతకాక ఇచ్చాను. నా మొదటి పిల్లను మరిచిపోయానని మాత్రం అనుకోకు" అంది. "ఆ ఉన్ని నాకొద్దు. కంచె పీకి, ఆ కంప మీదే దీన్ని తగలబెట్టు. మేమంతా చూస్తుంటాం."

నీతి: రోగానికి జాలి లేదు నిజమే, కానీ రోగం బేరమాడదు; ప్రాణం పోతుంటే పక్కన నిలబడి బేరమాడేవాడు రోగం కంటే చెడ్డవాడు.