చిన్న తెర మీద గెలిచిన కాలువ

“‘వజ్రఖడ్గం’ ఆటల్లో ఏ ఒక్కటి చివరిదాకా గెలిచినా సరే, గెలిచినవారి ఊరికి మా ఏటి నుంచి కాలువ తవ్విస్తాం. ఇది మా మాట!”

కోనదుర్గం ఏలే మల్లభూపతి నిండుకొలువులో తొడ చరిచి అన్న మాట ఇది. నెల తిరక్కుండానే తప్పాడు.

రాజులకు వీడియో గేములేమిటని అడగబోకండి. ఈ రాజుకు ఉన్నాయి, అంతే. సింహాసనం ఎదుట గోడంత తెర, ఆ తెర మీద ‘వజ్రఖడ్గం’ ఐదు భాగాలు. మంత్రులు కరువు గురించి విన్నవిస్తుంటే ప్రభువు రాక్షసుల తలలు నరుకుతుండేవాడు.

గెలిచానంటూ కొలువుకు వచ్చింది గుల్లకుంట ఓబులక్క. గొర్రెలు కాసే మనిషి. ఆ ఊళ్లో కడవ నీళ్లకు రెండు కోసులు నడవాలి. ఆమెకు గోడంత తెర ఎక్కడిది? అరచేతిలో పట్టే బుల్లి యంత్రం ఉంది. అందులో ‘వజ్రఖడ్గం: వంటలక్క పయనం’ ఆట ఉంది. మందను మేపుతూ మేపుతూ దాన్ని కొస ముట్టించింది.

“చెల్లదు!” అని లేచాడు ఆస్థాన పండితుడు ఉద్దండభట్టు. పెద్ద తెర మీది ఐదు భాగాలకూ ఐదు వ్యాఖ్యానాలు రాసినవాడు. “అది అసలు కథ కాదు ప్రభూ, కాలక్షేపం. వీరుడు కనబడడు, వంటమనిషి గరిటె పట్టుకుని తిరుగుతుంది. గోడ మీద ఆడేదే కథ. చేతిలో పట్టేది బొమ్మ!”

రాజు గడ్డం గోక్కున్నాడు. కాలువంటే మాటలా? “శాస్త్రం కాదన్నాక మేమేం చేస్తాం ఓబులక్కా? వెళ్లిరా.”

సింహాసనం పక్కన అడపం, అంటే తమలపాకుల పెట్టె, పట్టుకుని నిలబడ్డ పెంచలన్నకు ఒళ్లు మండిపోయింది. మాట ఇచ్చేటప్పుడు అందరికీనట, నిలుపుకునేటప్పుడు పెద్ద తెర ఉన్నవాళ్లకేనట! చిన్న తెరా తెరే, చిన్న ఊరూ ఊరే అని అరుద్దామనుకున్నాడు. అరిస్తే తల పోతుంది, కాలువ రాదు. ఆకుకు సున్నం రాసి ప్రభువుకందిస్తూ నెమ్మదిగా అన్నాడు.

“ఏలినవారికి ఒక సందేహం ఉండేది కదా. మూడో భాగం చివర ఖడ్గం రెండు ముక్కలైంది. నాలుగో భాగం మొదట్లో నిక్షేపంలా ఉంది. మధ్యలో ఎలా అతికింది?”

“ఔను! మూడేళ్లుగా నాకు నిద్ర పట్టడం లేదు!”

“దైవలీల,” అన్నాడు భట్టు. “నా నాలుగో వ్యాఖ్యానంలో రాశాను.”

“లీలా లేదు, గీలా లేదు సామీ,” అంది ఓబులక్క. “మా వంటలక్క అతికించింది. ఏడూళ్లు తిరిగి, కమ్మరోళ్లకు అన్నం వండిపెట్టి, కొలిమి రగిలించింది. వీరుడు ఆ మూడు నెలలూ జొరంతో మంచంలో ఉన్నాడు. గంజి కూడా ఆమే తాగించింది.”

రాజు సింహాసనం మీద గంతేశాడు. కిరీటం చెవి మీదికి జారింది. “అందుకేనా! అందుకేనా నాలుగో భాగంలో గరిటె కనబడగానే వీరుడు దండం పెడతాడు!”

“యాదృచ్ఛికం!” భట్టు గొంతు పెంచాడు. “చేతిలో పట్టేది చెల్లదంటే చెల్లదు!”

పెంచలన్న చప్పున ఆయన కాళ్లకు మొక్కాడు. “భేషు భట్టుగారూ! ఇంత గొప్ప సూత్రం ఒక్క ఆటకేనా? రాజ్యమంతటికీ శాసనం చేయించండి ప్రభూ. చేతిలో పట్టేది చెల్లదు, నిలువెత్తున నిలిచేదే చెల్లుతుంది!”

భట్టు మొహం వెలిగిపోయింది. “చెక్కించండి! కింద నా పేరు కూడా చెక్కించండి!”

“మరి తమరి అగ్రహారం ఏ బండ మీద చెక్కి ఉంది భట్టుగారూ?”

కోనదుర్గంలో గుళ్లకిచ్చిన మాన్యాలు రాతి స్తంభాల మీద ఉంటాయి. పండితులకిచ్చిన ఊళ్లు రాగిరేకుల మీద ఉంటాయి. ఆ రేకులను కడియానికి గుచ్చి, ఎదుటివాడికి వినబడేలా గలగలలాడించుకుంటూ తిరగడం భట్టుగారికి రోజూ ఉన్న అలవాటు. ఇప్పుడూ అవి ఆయన చేతిలోనే ఉన్నాయి.

భట్టు వాటిని గబుక్కున ఉత్తరీయం కిందికి తోశాడు. గలగలా మోగాయి.

“ఓరి అడపకాడా! రేకు చిన్నదైతేనేంరా? దాని మీద సాక్షాత్తూ ప్రభువుల ముద్ర ఉంది! ఇచ్చినవారెవరో చూడాలి గాని, ఎంత పొడుగుందో చూస్తారట్రా, మూర్ఖుడా!”

పెంచలన్న ఓబులక్క వైపు తిరిగాడు. “అక్కా, నీ యంత్రం తిరగెయ్యి.”

తిరగేసింది. వీపు మీద నెమలి ముద్ర. గోడంత తెర కింద, అడుగెత్తున, ఆ నెమలే పురి విప్పి ఉంది. రెండు ఆటలూ చేసినవారు ఒకరే.

“భట్టుగారే సెలవిచ్చారు ప్రభూ. ముద్ర ఒకటైతే, చేతిలో ఉన్నా చెల్లుతుంది.”

ముందు రాజు నవ్వాడు. తర్వాత మంత్రులు, ఆ తర్వాత ద్వారపాలకులు ఈటెలు పట్టుకుని నవ్వారు. పండితుడు మాత్రం ఉత్తరీయం కింద రేకుల్ని అదిమి పట్టుకున్నాడు.

“చెల్లింది! వంటలక్క అసలు కథే! గుల్లకుంటకు కాలువే!” అంటూ రాజు తన ముత్యాలహారం తీసి పెంచలన్న మెడలో వేయబోయాడు.

పెంచలన్న మెడ వంచాడు గాని గొంతు వంచలేదు.

“హారం తీసుకుంటాను ప్రభూ, కాదనను. మాట మాత్రం కిందటి నెలలో ఒకసారి విన్నాం. గుల్లకుంటలో మొదటి పార ఏ రోజున దిగుతుందో ఓబులక్క చేతికి రాసి ఇప్పించండి. ఎల్లుండి, మాఘ శుద్ధ విదియ సాయంత్రంలోగా జవాబు కావాలి.”