గెడ్డలో గురువుగారు

ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు చిదంబరయ్యగారికి లేదు. కళ్ళు మూసుకుంటారు. జవాబు తెలియనప్పుడూ అలాగే మూసుకుంటారు కాబట్టి, రెంటికీ తేడా శిష్యులకు ఎన్నడూ అంతుపట్టలేదు. ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పుకునేవారు.

ఆ ఆదివారం ఆశ్రమం అరుగు మీద ఆ మూసిన కళ్ళ ముందు పారినాయుడు కూర్చున్నాడు. గోనెసంచుల మిల్లులో మేస్త్రీ. మిల్లు మూసేస్తారని ఒకరు, కొత్త యజమాని వస్తాడని ఒకరు చెప్పుకుంటున్న రోజులు. తన కింద పనిచేసేవాళ్ళు ఎదురైతే చాలు, "ఏమీ కాదర్రా, నేనున్నాను" అని వీపు తడుతూ వచ్చాడు. ఈమధ్య అతను దగ్గరికి వస్తే వాళ్ళ మాటలు ఆగిపోతున్నాయి. నెలలు నిండిన పెళ్ళాం ఉన్న దాలయ్య అయితే నిలదీశాడు. మద్రాసులో ఇళ్ళ కట్టుబడి పనికి రమ్మంటున్నారు, పొమ్మంటావా, ఉండమంటావా, సోమవారం గేటు దగ్గర చెప్పు, అని.

"నాకే తెలియనప్పుడు వాళ్ళకేం చెప్పను గురువుగారూ? నిజం చెబితే బెదిరిపోతారు. ధైర్యం చెబితే నమ్మట్లేదు."

గురువుగారు కళ్ళు తెరిచి, జవాబు చెప్పడానికే కాబోలు, లేచారు. రాత్రి వానకు నానిన మెట్టు మీద కాలు జారింది. మనసు నిలకడ గురించి పొద్దున్నే గంటసేపు ఉపదేశించిన మనిషి, నేల మీద కూలబడి చీలమండ పట్టుకున్నారు.

కట్టు కట్టే వైద్యుడు ఉండేది గెడ్డ అవతల. వానకు పొంగిన ఆ వాగులో ఆటో దిగదు. నులక మంచానికి వెదురు బొంగులు కట్టి, ఆయన్ని పడుకోబెట్టి, నలుగురు ఎత్తారు. ముందు పారినాయుడు, వెనక సన్నాసి అనే ఆశ్రమం వంటవాడు, చెరో పక్కన మరొకరు. గురువుగారిది బక్కప్రాణం కాదు. మంచం అడ్డం గనక వెనకవాళ్ళకు దారి కనబడదు. అందుకే ఆ కొండ ఊళ్ళలో ముందు మోసేవాడు రాయి, గుంట, బురద అని అడుగడుగుకీ కేకెయ్యాలి. గట్టు దాకా పారినాయుడు బాగానే కేకేశాడు.

గెడ్డలో దిగేసరికి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడుగు కనబడలేదు. ఆ మాట అంటే వెనకవాళ్ళు జంకుతారనుకున్నాడు.

"బాగుంది, రండి, రండి" అన్నాడు.

నడిమికి వచ్చారో లేదో సన్నాసి గోతిలో దిగబడ్డాడు. మంచం ఒరిగింది. గురువుగారు చెవి దాకా మునిగి తేలారు.

"బాగుందన్నావు గదా నాయుడూ," అన్నాడు సన్నాసి నీళ్ళలోంచే. "నాకిక్కడ మొల దాకా బాగుంది."

"నాకూ ఏమీ కనబడలేదు మామా."

"ఆ ముక్క ముందే అంటే కాలితో తడుముకుని అడుగేద్దును కాదా? నీ మాట నమ్మి బారుగా ఏశాను."

పారినాయుడికి ముఖం చెల్లలేదు. కాలికి ఏమైందని అడిగాడు. మోకాలు గీసుకుంది, నడవగలను, అన్నాడు సన్నాసి. అతను ఊపిరి తీసుకునేదాకా బరువు మోస్తూనే అందరూ నిలబడ్డారు. మళ్ళీ కదిలాక పారినాయుడి కేకలు మారాయి.

"కనబడ్డం లేదు. తడుముతున్నాను, ఆగండి. ఆఁ, ఇక్కడ రాయి ఉంది, కాలు ఆనుతుంది. రండి."

కాసేపటికి వెనకనుంచీ కేక వచ్చింది. "కుడి పక్క ఇసక తగుల్తోంది, అటు పోదాం."

పారినాయుడికి భుజం మీద బరువు తగ్గినట్టనిపించింది. నిజానికి గురువుగారు తడిసి మరింత బరువెక్కారు.

అవతల గట్టున వైద్యుడు కట్టు కడుతుంటే పారినాయుడు గొంతు సవరించుకున్నాడు. "గురువుగారూ, పొద్దున నేనడిగింది..."

గురువుగారు తల వంచి చెవిలో నీళ్ళు వంపుకున్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"గెడ్డలో రెండోసారి ఏమని కేకేశావో, రేపు గేటు దగ్గరా అదే కేకెయ్యి. భుజం మాత్రం తియ్యకు."