నిదానయ్య ఖాళీ ట్రిప్పు

చలికాలం మొదలయ్యేసరికి చిటుకు అనే కుర్ర ఉడుతకున్న ఆస్తి మొత్తం పన్నెండు ఉసిరికాయలు. చలిగెడ్డ అడవిలో తూర్పుకొండ కింద, ఒక మద్దిచెట్టు తొర్రలో వాటిని దాచుకున్నాడు.

ఆ అడవిలో కుందేళ్ళు, ముళ్ళపందులు, అడవికోళ్ళు, ఉడుతలు అన్నీ ఆ కొండ కిందే కాపురం ఉండేవి. పని మాత్రం అడవి మధ్యగా పారే గెడ్డకి అవతల. అక్కడి దుంపల నేలకి ఎలుగుబంటి మేస్త్రీ. తవ్విన వాళ్ళకే దుంపలు. గెడ్డ దాటించేది నిదానయ్య అనే ముసలి తాబేలు. ఒక్కో ట్రిప్పుకి ముగ్గురిని వీపు మీద ఎక్కించుకునేవాడు. రేవుకి పెద్ద గంభీరయ్య అనే కొండముచ్చు, అతనూ తవ్వకానికే పోయేవాడు.

పుష్యమాసం వచ్చింది. ఆ ఏడు చలి ఎన్నడూ లేనంతగా పట్టింది. గెడ్డ మీద పొగమంచు మీగడలా పేరుకుంది. తెల్లవారినా నిదానయ్య కదలడం మానేశాడు. తలా కాళ్ళూ డిప్పలోకి లాక్కుని రాయిలా పడి ఉండేవాడు. ఎండ తగిలి ఒళ్ళు వేడెక్కాకే లేచేవాడు. అప్పటికి అవతల గడ్డి మీద మంచు ఆరిపోయేది.

"మంచు ఆరాక వస్తే పని లేదు, పొండి!" అని ఎలుగుబంటి అందరినీ తరిమేసేది. "అసలే పుష్యమాసం. పూస గుచ్చేంత పొద్దుండదు. మీరు సగం పూటకి వస్తే తవ్వకం ఎప్పుడు తెములుతుంది?"

మూడు రోజులు ఇదే తంతు. కుందేలమ్మ పిల్లలు ఆకలికి ఏడవడానికి కూడా ఓపిక లేక ముడుచుకుని పడుకున్నాయి.

గంభీరయ్య కర్ర తీసుకుని డిప్ప మీద టకటకా కొట్టాడు. "లేవవయ్యా సోమరీ! ఈ రేవులో నా తోక పండిపోయింది. ఇంత బద్ధకం ఎక్కడా చూళ్ళేదు!"

డిప్ప మోగింది గానీ నిదానయ్య కదల్లేదు.

చిటుకు మాత్రం వేరే ఆలోచనలో పడ్డాడు. ఎండ ఎప్పుడు వస్తుందో చూద్దామని మద్దిచెట్టు చిటారు కొమ్మకి పాకాడు. మంచు కిందే ఉండిపోయింది. పైనుంచి చూస్తే ఏముంది! ఇవతలి రేవు ఇంకా కొండ నీడలో వణుకుతోంది. అవతలి ఒడ్డున ఉన్న నల్లబండ మీద అప్పటికే ఎండ పడి తళతళలాడుతోంది!

చిటుకు ఇక కొమ్మ మీద ఆగలేదు. జర్రున కిందికి జారాడు.

ఆ రోజు నిదానయ్య లేవగానే అతని ముందు వాలాడు. "తాతా! నువ్వు పడుకునే ఒడ్డే తప్పు! రేపటి నుంచి అవతల నల్లబండ మీద పడుకో. తొలి ఎండ నిన్నే లేపుతుంది. లేచి మమ్మల్ని తీసుకుపోవడానికి రా."

"బాగుందిరా మనవడా. సాయంత్రం మీ అందర్నీ ఇక్కడ దించి, ఆ చల్లనీళ్ళలో నేనొక్కణ్ణే ఖాళీగా వెనక్కి పోవాలా? నాకేం ఒరుగుతుంది?"

"రెండు ఉసిరికాయలు!"

"ఉప్పు లేకుండానా?" అని నిదానయ్య నవ్వాడు.

గంభీరయ్య కూడా పగలబడి నవ్వాడు. "ఖాళీ ట్రిప్పుకి కూలి ఇచ్చేవాణ్ణి నిన్నే చూశాను. చలికాలం తిండి గెడ్డలో పోసుకుంటావురా!"

"ఒక్కటి ఖాళీగా పోతే పొద్దున మూడు నిండుగా వస్తాయి, పెద్దయ్యా. లెక్క మీరే చూసుకోండి," అన్నాడు చిటుకు.

ఆ సాయంత్రం నిదానయ్య రెండు కాయలు నమిలి, ఒంటరిగా అవతలికి ఈదిపోయాడు.

తెల్లవారింది. మంచులో పక్కనున్న వాళ్ళ ముక్కు కూడా కనబడటం లేదు. రేవులో అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. చప్పుడే లేదు. కుందేలమ్మ నెమ్మదిగా అడిగింది. "చిటుకూ, వస్తాడంటావా?"

"వస్తాడత్తా," అన్నాడు చిటుకు, మంచులోకి తొంగిచూస్తూ.

"వాడి కోసం చూస్తే వేసవి వస్తుంది!" అని గంభీరయ్య ఒక ఎండుదుంగని నీళ్ళలోకి తోశాడు. "రేవు నడపడం ఎలాగో చూడండి!" అంటూ దాని మీద నిలబడి మంచులోకి సాగిపోయాడు.

కాసేపటికి దబ్బుమని చప్పుడు. "అమ్మో! దుంగ దొర్లింది! చచ్చాను!" అని కేక. ఆ తర్వాత ఇంకో చప్పుడు. గుబుక్... గుబుక్... గుబుక్!

మంచుని చీల్చుకుని నిదానయ్య వచ్చాడు! అతని వీపు మీద తడిసి ముద్దయిన గంభీరయ్య పళ్ళు టకటకలాడిస్తూ కూర్చున్నాడు. బయలుదేరిన ఒడ్డుకే మళ్ళీ చేరాడు.

"దిగు పెద్దయ్యా, వరస వెనకాల నిలబడు. ముందొచ్చిన వాళ్ళు ఎక్కాలి," అన్నాడు నిదానయ్య. రేవంతా గొల్లున నవ్వింది.

వరస చివర నిలబడ్డ గంభీరయ్య అవతలికి చేరేసరికి మంచు ఆరిపోయింది. ఎలుగుబంటి అతన్ని ఒక్కణ్ణే వెనక్కి పంపేసింది. మిగతా వాళ్ళందరికీ ఆ రోజు నిండుపని దొరికింది. కుందేలమ్మ పిల్లలు ఆ రాత్రి పొట్ట పగిలేలా తిన్నాయి.

మర్నాటి నుంచి, పొద్దున వెళ్ళే ఒక్కో ట్రిప్పు వాళ్ళూ కలిసి ఒక్కో ఉసిరికాయ ఇస్తామన్నారు. మూడు ట్రిప్పులకి మూడు కాయలు. ఖాళీ ట్రిప్పుకి నిదానయ్యకి రెండు, ఉపాయం చెప్పినందుకు చిటుకుకి ఒకటి. పద్నాలుగు రోజులయ్యేసరికి తొర్రలో ఇరవై నాలుగు కాయలున్నాయి. రెట్టింపు!

చిటుకు మళ్ళీ చిటారు కొమ్మకి పాకాడు. దిగువన ఇంకో రేవు కనబడింది. అక్కడా జనం చలిలో పడిగాపులు పడుతున్నారు. అక్కడా ఒక తాబేలు కొండ నీడలోనే రాయిలా పడి ఉంది. అవతలి ఒడ్డున ఎండ కాస్తోంది.

చిటుకు రెండు ఉసిరికాయలు ఆకులో చుట్టుకుని ఆ దారి పట్టాడు.

నీతి: పని ఆగినప్పుడు కోపంతో కర్ర ఎత్తేవాడు ఒడ్డునే మిగిలిపోతాడు. కారణం వెతికి, ముందుగా తన చేతిది కొంచెం పెట్టేవాడు తానూ దాటుతాడు, పదిమందినీ దాటిస్తాడు.