పంకా ఆగాక

గుట్ట మీది ఊళ్లో ఏటా గాలి పండగ జరిగేది. ఆ రోజు ఎవరూ పనికి పోరు. బెండు పుల్లలతో, పల్చటి కాగితంతో చేసిన చిన్న విమానాలు పట్టుకుని అందరూ బండల మైదానానికి వస్తారు. విమానం కడుపులో రబ్బరు పట్టీ ఉంటుంది. ముందున్న పంకాను వేలితో తిప్పితే పట్టీ మెలికలు పడుతుంది. వదిలితే మెలికలు విడుతూ పంకా తిరుగుతుంది, విమానం ఎగురుతుంది.

అన్నిటికన్నా చివర దిగినది గెలిచినట్టు. కంటికి కనిపించకుండా పోయినది ఓడినట్టు. ఆఖరి విమానం సంగతి తేలేదాకా ఎవరికీ విస్తరి వేయరు.

చాలా ఏళ్లుగా భూషణమే గెలుస్తున్నాడు. ఆ గెలుపు అతనికి నిద్ర లేకుండా చేసింది. పండగ అయిన మర్నాడే మళ్లీ పండగకి విమానం మొదలుపెట్టేవాడు. అన్నం కలుపుతూ మధ్యలో లేచి వెళ్లి పట్టీ లాగి చూసుకునేవాడు. ఎదుట ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ల తల మీదుగా ఆకాశం వైపు చూసేవాడు.

"కాసేపు కూర్చోవయ్యా," అనేది భార్య కోటమ్మ.

"నేను కూర్చుంటే సాయప్ప దాటేస్తాడు," అనేవాడు భూషణం.

సాయప్ప సున్నం బట్టీ నడుపుతాడు. ఏటా అతనిది రెండో స్థానమే.

ఈసారి పండగనాడు భూషణం పంకా తిప్పడం ఆపలేదు. మెలిక మీద మెలిక పడి పట్టీ ముడులు ముడులుగా బిగుసుకుంది. విమానం ఒళ్లంతా సన్నగా వణికింది.

"తెగుతుందయ్యా," అంది కోటమ్మ.

"తెగదు."

"తెగకపోతే మాత్రం, దానికి ఊపిరాడొద్దూ?"

అతను వినిపించుకోలేదు. గంట మోగింది. మిడతల దండు లేచినట్టు విమానాలన్నీ ఒక్కసారి లేచాయి. కొన్ని అక్కడే బండలకు కొట్టుకున్నాయి. కొన్ని ఒక చుట్టు చుట్టి దిగిపోయాయి. చివరికి సాయప్పదీ భూషణానిదీ మిగిలాయి.

అప్పుడు భూషణం విమానం పంకా ఆగింది. సాయప్పది ఇంకా తిరుగుతోంది. అయిపోయింది, ఇక దిగుతుంది అనుకుని భూషణం పళ్లు బిగించాడు.

విమానం దిగలేదు. ఎండకు కాగిన బండల మీంచి లేచే వేడిగాలి దాని రెక్కల కింద చేరింది. పంకా కదలకుండానే అది ఇంకా పైకి పోయింది.

జనం ఈలలు వేశారు. "ఈసారీ నీదేనయ్యా!" అని ఎవరో భూషణం వీపు చరిచారు. అతను మాత్రం గంట పట్టుకున్న పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యా, పట్టీ అయిపోయింది. అయినా పోతోంది!"

"పోతే మంచిదేగా?"

"అది నేనిచ్చిన బలం కాదు. మరి ఎవరిది?"

"గాలి పండగకి వచ్చి అడిగే మాటేనా అది?" అని పెద్దాయన ఊరుకున్నాడు.

సాయప్ప విమానం దిగింది. భూషణానిది దిగే జాడ లేదు. అతను మైదానం ఈ కొసనుంచి ఆ కొసకి తిరిగాడు, ఎక్కడా నిలవలేకపోయాడు. ఎండ వాలింది. గంగాళాల్లో అన్నం చల్లారింది. చంకల్లో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. విమానం ఆవగింజంత అయింది. తర్వాత అదీ లేదు.

"ఎవరికైనా కనిపిస్తోందా?" అని పెద్దాయన అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"నాకు కనిపిస్తోంది," అంది కోటమ్మ.

జనం ఉసూరుమన్నారు. "మొగుణ్ణి గెలిపించుకోవాలిగా మరి!" అంది వెనకనుంచి ఒకావిడ.

"చేసినవాడి మాటే ఆఖరు," అన్నాడు పెద్దాయన. "భూషణం, నీకు కనిపిస్తోందా?"

భూషణం కళ్లు చికిలించి చూశాడు. ఆకాశం ఖాళీగా ఉంది. అవునంటే చాలు. కాదనగలిగేవాళ్లు లేరు. ఏడుస్తున్న పిల్లలను చూశాడు. తన విమానాన్ని రెండు చేతుల్లో పట్టుకుని తల వంచుకు నిలబడ్డ సాయప్పను చూశాడు.

"లేదండీ, కనిపించడం లేదు," అన్నాడు. "విస్తళ్లు వేయించండి."

డప్పులు మోగాయి. సాయప్పను భుజాల కెత్తుకున్నారు. "నేనా? నేనేనా?" అని అతను అడుగుతూనే ఉన్నాడు.

భూషణం వచ్చి భార్య పక్కన బండ మీద చతికిలబడ్డాడు. "నా పరువు కోసం అబద్ధమాడావు కదూ?"

"నాకేం ఖర్మ?" అంది కోటమ్మ. అతని గడ్డం పట్టుకుని ముఖాన్ని పక్కకు తిప్పింది. "నువ్వు వదిలిన వైపే చూస్తున్నావు. అది ఆ వైపున లేదు."

అతను చూశాడు. సున్నం బట్టీకి చాలా పైన, నువ్వుగింజంత చుక్క ఒకటి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది.

భూషణం నోరు తెరిచాడు. పెద్దాయన చేతిలో గంట ఇంకా ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. అతను లేవబోయి, సగంలో ఆగి, మళ్లీ కూర్చున్నాడు.

అంతలో సాయప్ప తానే విస్తరి పట్టుకుని వచ్చాడు. "అన్నా, అందరూ తింటున్నారు. ఏం చూస్తున్నావు?"

"పిట్ట."

సాయప్ప చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. "అవును, అదిగో! ఎవరిదో పాపం, తప్పించుకున్నట్టుంది."

"పిట్ట ఎవరిదవుతుంది సాయప్పా?" అన్నాడు భూషణం.