ఉంచుకోమన్న గ్లాసు

కాశీరత్నం భాగవతారిణిని ప్రశ్న అడగడం దండగని ఆవిడ దగ్గర హరికథ నేర్చుకున్న మా అందరికీ తెలుసు. జవాబు చెప్పదు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగితే, వెళ్ళి బావిలో నీళ్ళు తోడమంటుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఏ బజారులోనో, ఎవరి పెళ్ళిలోనో ఏదో ఒకటి జరుగుతుంది. అప్పుడు మన వైపు తిరిగి ఒక్క ముక్క అంటుంది. ఆవిడ ఆఖరి శిష్యుడు వేమకోటి నరహరి అడిగిన ప్రశ్నకి జవాబు రైల్లో దొరికింది. ఆ సంగతి నరహరే నాకు చెప్పాడు. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మీకూ మండాలనే చెబుతున్నాను.

ప్రశ్న పుట్టింది మాత్రం విమానాశ్రయంలో. బెంగుళూరు సభవాళ్ళు ముచ్చటపడి ఆవిడకీ, వెంట వచ్చే శిష్యుడికీ విమానం టికెట్లు పంపారు. డెబ్భై దాటిన మనిషి, మొదటిసారి విమానం ఎక్కుతున్నానని పట్టుచీర కట్టుకుని వచ్చింది. తనిఖీ దగ్గర గజ్జెల సంచీ యంత్రంలోకి వెళ్ళిందో లేదో, స్క్రీను చూస్తున్నవాడు సంచీలు మోసే పట్టా ఆపేశాడు. సంచీ విప్పి గజ్జెలన్నీ బల్ల మీద గుమ్మరించారు. చిడతలు తీసి, అటూ ఇటూ తిప్పి, ఒకదానితో ఒకటి కొట్టి, ఇవేమిటని ఒక కుర్రాడు హిందీలో గద్దించాడు. చెప్పులు విప్పమన్నారు. తెర చాటుకి తీసుకెళ్ళి ఒక ఆడపోలీసు ఆవిడ ముడిలో వేళ్ళు పెట్టి వెతికింది. ముడి ఊడిపోయి, నెరిసిన జుట్టు భుజాల మీద పడి, కాశీరత్నం తెర ఇవతలికి వచ్చేసరికి నరహరి అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. “ఈవిడెవరనుకున్నారు? దొంగనుకున్నారా? ఎన్ని సన్మానాలు జరిగాయో తెలుసా ఈవిడకి?” అని లైను లైనంతా తిరిగి చూసేలా అరిచాడు. వాళ్ళు తొణకలేదు, బెణకలేదు. అతన్నీ పక్కకి నిలబెట్టి, బెల్టు విప్పించి, ఇంకోసారి తడిమి వదిలారు. కాశీరత్నం బల్ల మీది గజ్జెలు ఏరుకుని, ఆ ఆడపోలీసు అందించిన సంచీలో వేసుకుంది. ముడి వేసుకుని, “పదరా, విమానం వెళ్ళిపోతుంది” అంది.

నరహరి చల్లారలేదు. నెలల తరబడి కనపడిన ప్రతివాడికీ ఆ కథే చెప్పాడు. ఆవిడ అవమానం ఆవిడ కంటే ఇతనికే ఎక్కువైంది. “అందర్నీ తడిమారు కదరా” అని కాశీరత్నం ఒకసారి అని చూసింది. అతను వినిపించుకోలేదు.

ఈలోగా సికింద్రాబాదులో ఒక సభవాళ్ళు నరహరి చేత మొదటి కథ చెప్పించడానికి ఒప్పుకున్నారు. అతనికి అది చిన్న సంగతి కాదు. ఆరేళ్ళు ఆవిడ ఇంట్లోనే ఉండి, ఆవిడ వండింది తిని, తిట్టింది పడి, గొంతూ అడుగూ సాధన చేసింది ఈ ఒక్క రోజు కోసమే. మా సంప్రదాయంలో మొదటి కథకి గురువే శిష్యుడి కాళ్ళకి గజ్జె కట్టాలి. కట్టిందా, ఆ రోజు నుంచి అతను భాగవతార్. కట్టలేదా, ఎంత విద్య ఉన్నా వేదిక ఎక్కడానికి వీల్లేదు. ఆవిడ కట్టకుండా వెనక్కి పంపేసిన వాళ్ళు నాకు తెలుసు.

ఈ సభవాళ్ళు కూడా విమానం టికెట్లు పంపుతామన్నారు. నరహరి వద్దన్నాడు. ఇంటికొచ్చి, చేటలో బియ్యం ఏరుకుంటున్న గురువు ముందు కూర్చున్నాడు. “అమ్మా, ఇక మీదట మనకి విమానం వద్దు. రైల్లో పోదాం. అక్కడ ఎవడూ మనల్ని నిలబెట్టి, నువ్వెవరు, నీ దగ్గరేముంది అని తడమడు. మనిషిని మనిషిలా చూసే ప్రయాణం అదొక్కటే. కాదంటారా?” అన్నాడు. కాశీరత్నం చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. “టికెట్లు తియ్యి” అంది.

పొద్దున్నే సామర్లకోటలో బండెక్కారు. ఎదురు సీట్లు ఖాళీగా ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో ఒక పెద్దావిడా, ఆవిడ భర్తా ఎక్కారు. ఆవిడ పేరు మంగతాయారు. కూర్చోకముందే తన పేరూ, కూతురింటికి వెళ్తున్న సంగతీ, మోకాళ్ళ నొప్పీ అన్నీ చెప్పేసింది. భర్త పేపరు విప్పి దాని వెనక్కి వెళ్ళిపోయాడు. బండి కదిలిన కాసేపటికే క్యారియరు బయటికి తీసింది. పులిహోర, గారెలు, సీసాలో మజ్జిగ. చుట్టూ ఉన్నవాళ్ళకి పెట్టకుండా తినే మనిషి కాదు. ఆ మాట నిజం, మంచావిడే. నాకు మరీ మంట పుట్టించేది కూడా అదే.

“మీదే ఊరు బాబూ?” అంది కాగితం పళ్ళేలు పరుస్తూ.

“సామర్లకోట అండీ.”

“ఇంటిపేరు?”

“వేమకోటి వారమండీ.”

“అయ్యో, వేమకోటి వారా! మా పెద్దాడపడుచుని ఇచ్చింది వాళ్ళకే. ఏవండీ, విన్నారా? మనవాళ్ళేట!” పేపరు వెనక నుంచి ఒక తల ఊగింది. పులిహోర ఇంకో రెండు గరిటెలు పడింది. నరహరి మొహం వెలిగిపోయింది. యంత్రం లేదు, తెర లేదు, చెప్పులు విప్పమనేవాడు లేడు. చూశారా అన్నట్టు గురువు వైపు చూశాడు. కాశీరత్నం కిటికీలోంచి చేలు చూస్తోంది.

“మరి ఈవిడ?” అంది మంగతాయారు.

కాశీరత్నం ఇటు తిరిగింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఈలోపు నరహరి అందుకున్నాడు. “మా పిన్నిగారండీ. వేమకోటి వారే.”

ఎవడడిగాడు నిన్ను? మెడ మీద కత్తి పెట్టారా? కాశీరత్నం ఇంటిపేరు నేలపూడి. పిఠాపురం అవతల ఒక ఊళ్ళో, మాలపేటలో పుట్టింది. వాళ్ళ నాన్నని పందిట్లోకి రానిచ్చేవారు కాదు. ఆయన బయట నిలబడి కథలు విని, గుర్తున్నంత వరకూ ఇంటికొచ్చి కూతురికి పాడి వినిపించేవాడు. ఆ కూతురు పెద్దదై అదే ఊళ్ళో, అదే పందిట్లో, నట్టనడుమ నిలబడి కథ చెప్పింది. ఇదంతా నరహరికి తెలీదా? ఆవిడ గురించి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. అయినా ఆ పులిహోర పళ్ళెం ముందు, మనవాళ్ళే అన్న ఆ మాట ముందు, నోట్లోంచి అబద్ధం జారిపడింది. ఎందుకొచ్చిన గొడవ, పూట ప్రయాణమే కదా అనుకున్నాడట. పైగా ఆవిడని కాపాడాననుకున్నాడట, వెధవ!

కాశీరత్నం అతన్ని ఒక్కసారి చూసింది. మంగతాయారు పళ్ళెం ఇస్తే అందుకుంది. స్టీలు గ్లాసుతో మజ్జిగ ఇస్తే తాగింది. నరహరి గండం గడిచిందనుకున్నాడు. కానీ ఆ పరీక్ష అంతటితో అయ్యేది కాదు కదా. మంగతాయారు ఇంకాస్త ముందుకి జరిగి, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, “పుట్టింటివారెవరు వదినగారూ?” అంది ఆప్యాయంగా.

నరహరి కొరికిన గారె పళ్ళెంలో పడేశాడు. “పిన్నిగారి పుట్టిల్లు అంటే...” అని ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాడు.

“నువ్వాగరా” అంది కాశీరత్నం. మంగతాయారు వైపు తిరిగింది. “నేను వీడి పిన్నిని కానమ్మా. వీడికి హరికథ నేర్పుతున్నాను. నేలపూడి వాళ్ళం. పిఠాపురం దగ్గర మాలపేట మాది.” ఊరికి బస్సెప్పుడని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది.

మోకాలి మీది చెయ్యి మెల్లిగా వెనక్కి వెళ్ళింది. “అలాగా” అంది మంగతాయారు. అంతకు మించి ఒక్క పొల్లు మాట లేదు. క్యారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మూత బిగించి, సీటు కిందకి తోసేసింది. గారెలు ఇంకా మిగిలే ఉన్నాయి. కాశీరత్నం ఖాళీ గ్లాసు చాచింది. మంగతాయారు నవ్వింది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. “ఉంచుకోండమ్మా, మీరే ఉంచుకోండి. మా ఇంట్లో బోలెడున్నాయి.”

చూశారా మర్యాద! తిట్టలేదు, మొహం చిట్లించలేదు. కొత్త గ్లాసు, నిక్షేపంలాంటి గ్లాసు, దానం చేసింది. తిట్టి ఉంటే నాలుగు తిరిగి తిట్టొచ్చు. ఈ దానానికి ఏమని జవాబు చెప్పాలి? థాంక్స్ అనాలా? ఇందాక వదినగారు, ఇప్పుడు అమ్మ. ముడిలో వేళ్ళు పెట్టిన ఆ ఆడపోలీసు కూడా తర్వాత అవే చేతుల్తో సంచీ అందించి పొమ్మంది. అవి ఒళ్ళో దాచుకోలేదు.

కాశీరత్నం లేచి, బండి ఊగుతుంటే సీట్లు పట్టుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళింది. గ్లాసు శుభ్రంగా కడిగి, కొంగుతో తుడిచి, తెచ్చి మంగతాయారు పక్కన సీటు మీద పెట్టింది. మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుని చేలు చూసింది. గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు. నరహరి పళ్ళెంలో పులిహోర సగం ఉంది. తినలేడు, పారెయ్యలేడు. విమానాశ్రయంలో అంత గొంతు చించుకున్నవాడికి ఇక్కడ నోరు పెగల్లేదు. యూనిఫారం వేసుకున్నవాడి మీద విరుచుకుపడ్డవాడు, తనకి వడ్డించిన పెద్దావిడని ఇదేం పని అని అడగలేకపోయాడు. సికింద్రాబాదు వచ్చేదాకా ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

సికింద్రాబాదులో అందరూ దిగారు. సీటు మీద గ్లాసు అలాగే ఉంది. అది చూసేసరికి నరహరికి అప్పటిదాకా లేని రోషమంతా ఒక్కసారి పొడుచుకొచ్చింది. గ్లాసు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తి, కూలీ వెనక నడుస్తున్న మంగతాయారుకి అడ్డం వెళ్ళాడు. “మీ గ్లాసు మరిచిపోయారు!” అని అరిచాడు. ఆవిడ ఆగింది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. “మరిచిపోలేదు బాబూ.” భర్త చెయ్యి పట్టుకుని జనంలో కలిసిపోయింది. నరహరి గ్లాసు నేలకేసి కొట్టాడు. అది దొర్లుకుంటూ పోయి టీ కొట్టు కింద ఆగింది.

కాశీరత్నం గజ్జెల సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. నరహరి ఒగరుస్తూ వచ్చి, “ఎంత పొగరండీ! మనిషేనా ఆవిడ? మిమ్మల్ని పట్టుకుని...” అంటూ మొదలుపెట్టాడు.

“ఆవిడ అడిగింది. నన్ను దాచిందెవరు?” అంది కాశీరత్నం.

నరహరి అక్కడే, ఆ జనంలోనే, నేల మీద చతికిలబడ్డాడు. “మీకు అవమానం జరక్కూడదని చెప్పానమ్మా.”

“నా ఇంటిపేరు చెబితే నాకు అవమానమా?” అంది ఆవిడ. “ఆ విమానం దగ్గరవాళ్ళు నా దగ్గర తీసుకున్నవన్నీ అవతల తిరిగి ఇచ్చేశారురా” అంది. లేచి ఆటో పిలవమంది.

బసలో కాశీరత్నం స్నానం చేసింది, అన్నం తింది, కునుకు తీసింది. నరహరి అన్నం కెలికి లేచిపోయాడు. సాయంత్రం ఆవిడ గజ్జె కట్టదని అతనికి గట్టిగా అనిపించింది. కట్టమని అడిగే మొహం కూడా లేదు. కథంతా మరిచిపోయినట్టైంది.

సభ నిండింది. తెర వెనక హార్మోనియం శ్రుతి అందుకుంది, మృదంగం వాయించేవాడు సరిచూసుకుంటున్నాడు. సభవాళ్ళు వచ్చి టైమైందమ్మా అన్నారు. కాశీరత్నం పీట మీద కూర్చుని నరహరిని రమ్మని సైగ చేసింది. అతను కుడికాలు ముందుకి పెట్టాడు. ఆవిడ గజ్జె చుట్టి, తాడు లాగి గట్టిగా ముడి వేసింది. నరహరికి ఏడుపొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ ఎడమకాలు ముందుకి పెట్టాడు. ఆవిడ రెండో గజ్జె చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. తెర అవతల జనం సర్దుకుంటున్నారు. తెర సందులోంచి ముందు వరసల్లో పట్టుచీరలు, జరీ కండువాలు, మంగతాయారు లాంటి మంచివాళ్ళు ఎంతోమంది కనిపిస్తున్నారు.

కాశీరత్నం తలెత్తి శిష్యుడి మొహంలోకి చూసింది. “కథ మొదలుపెట్టే ముందు గురువు పేరు చెప్పాలి కదా. ఇంటిపేరుతో చెబుతావా, లేకుండానా? అది తేల్చుకో. ఇది అప్పుడు కడతాను.”