ఆలకింపులమ్మ ఊఁకొట్టు నోము

పూర్వమొకప్పుడు ధాన్యమిత్రుడను ముని సుశ్రవ మహర్షికి మ్రొక్కి, "స్వామీ! నేల మంచిదే, విత్తు మంచిదే, వానయు కురిసెను. అయినను కొందరి చేలు పండకున్నవి, కారణమేమి?" అని అడిగెను. దున్నువాని మనసు బీడుపడినచో చేను పండునా యని, మహర్షి ఈ కథ చెప్పెను.

నల్లరేగడి సీమలో ఓబయ్య యను రైతు, భార్య తిమ్మక్కతో కాపురముండెను. ఒక యేడు వాన మొగము చాటువేయగా జొన్న ఎండిపోయెను. మగవాడు దిగులు చెప్పుకొనుటేమని ఓబయ్య దానిని దిగమ్రింగి మంచము పట్టెను. మరుసటేడు చినుకు పడగానే ఊరందరు విత్తిరి, అతడు కదలడాయెను. ఆలస్యముగా విత్తిన చేనిని కలుపు కమ్మెను. కాడి ఒరసి ఎద్దు మెడ పుండైనను అతని కంటబడలేదు. తప్పు విత్తుదని విత్తు మార్చెను. ఫలము లేకపోయెను. తుదకు బ్రతుకుమీదనే తీపి పోయెను.

తిమ్మక్క భయపడి, పుట్టింటివారు నోచు ఆలకింపులమ్మ నోము తలచెను. పొద్దు వాలువేళ గట్టున నానిన పెసలు, బెల్లము పెట్టి, ఒకరు మనసు విప్పవలెను, ఒకరు ఊఁ కొట్టవలెను, అంతియే నియమము. ఆమె పొరుగు చేని గంగప్పను బతిమాలి పిలిచెను. ఓబయ్య నోరు తెరచెనో లేదో, ఆయన ధైర్యము విడువరాదనియు, తన తాత ఇంతకంటె కరువు చూచెననియు ఉపదేశించి, పెసలన్నియు తిని పోయెను. నోము చెడెను. ఆ వారమే పశువులు చేనిలో పడి మేయుచుండగా, ఓబయ్య గట్టుననే యుండియు అదలింపడాయెను.

తిమ్మక్క గంగప్ప వాకిట నిలిచి, "అన్నా, సలహాలు మా ఇంట్లో గంపెడుండాయి. ఊఁ కొట్టేటోళ్లకే కరువు," అనెను. ఆయన సిగ్గుపడి, మరునాడు నోటికి తాళము వేసికొని వచ్చెను.

గట్టున పెసలు పెట్టి కూర్చుండి ఓబయ్య, "బావా, పొద్దున లేయాలంటేనే నాకు బయమైతాంది," అనెను.

"ఊఁ," అనెను గంగప్ప.

అంతట ఓబయ్య పొద్దుగ్రుంకువరకు ఏడ్చుచు చెప్పెను. గంగప్పకు నాలుక దురద పెట్టెను గాని, ఊఁ దాటి పోలేదు. ఇంటికి మరలునప్పుడు ఓబయ్యకు ఎద్దు మెడ పుండు కనబడెను. ఇన్నాళ్లు నిన్ను చూడకపోతినే యని దానిని నిమిరి, పసుపు అద్దెను. పున్నమి పున్నమికి నోము నోచి, కలుపు తీసి, మరు వానకు అందరితోపాటు విత్తెను. గాదె నిండెను. తొలి గంప జొన్నలు గంగప్ప ఇంట దించి, చేతులు పట్టుకొని, "నువ్వు ఇన్నావు బావా, అందుకే పండింది," అనెను. కొన్నేండ్లకు గంగప్పకే దిగులు పట్టగా, పిలువకమునుపే ఓబయ్య పెసలు మూటగట్టుకొని వెళ్లెను.

కావున వాన తప్పినవారును, పంట పండియు నిదుర పట్టనివారును, వారి ఇల్లాండ్రును ఈ నోము నోచవలెను. బరువు ఒక చెవికి మించినచో వైద్యుని చెవి తోడు తెచ్చుకొనవలెను, అందువలన వ్రతభంగము లేదు. నోచినవారికి ఎద్దు మెడ కనబడును, చేను కనబడును, ఇంటివారి మొగము కనబడును. తల్లి దయవలన ఈ కథ చెప్పు మాకును కనబడినవి.

కథ చెప్పినవాడు ఇక ఊరకుండవలెను. అక్షతలు చేతబట్టి, మీలో ఎవరు ముందుగా నోరు విప్పుదురో వారివైపు తిరుగుడు.

ఊఁ.