నిండుకోని మాత్రల డబ్బా

గవర్రాజు ఇంటిల్లిపాదికీ తమ తెలివి మీద మహా గురి. "మాకు ఒక్క మాట చెబితే చాలండి, పొల్లు పోకుండా చేసేస్తాం" అని గవర్రాజు మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. అంత తెలివైనవాడికి గుండెపోటొచ్చింది. ఆసుపత్రిలో గుండె రక్తనాళంలోకి స్టెంటు, అంటే సన్నటి జాలీ గొట్టం, వేసి బతికించారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు. "మొదటి నెల గండం. గొట్టం పూడుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈయన ముందు ఎవరూ చుట్ట కాల్చొద్దు. షుగరుంది కనక మిఠాయిలు గడప దాటి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మాత్రలు ఇంట్లో ఎప్పుడూ నిండుకోకూడదు!"

"ఆయ్, అలాగేనండీ" అన్నారందరూ.

అంతే, ఇంటికి రాగానే పెద్ద తమ్ముడు తాతబ్బాయి చుట్ట ముట్టించి అన్న వీపు వెనక చేరాడు. గవర్రాజు ఎటు తిరిగితే వాడు అటు పరిగెత్తాడు. "కదలకన్నయ్యా, నీ ముందుకొచ్చేస్తాను!" చిన్న తమ్ముడు బుల్లెబ్బాయి కాజాలు తెచ్చి కిటికీలోంచి అందించాడు. గడప దాటలేదు కదా! తమ్ముడి బుర్రకి మురిసిపోయి గవర్రాజు రెండు కాజాలు లాగించాడు.

తరవాత మాత్రల డబ్బా తీశాడు. భార్య మంగాయమ్మ చటుక్కున లాక్కుంది.

"అయ్యో, మింగేస్తారేంటండీ! మింగితే తగ్గిపోవూ? తగ్గితే నిండుకోవూ? నిండుకుంటే నా గతేంటండీ?" అని కళ్ళొత్తుకుంది.

నిజమే సుమా అనిపించింది గవర్రాజుకి. ఆ రోజు నుంచీ మాత్ర వేళకి డబ్బాకి దణ్ణం పెట్టుకుని పడుకున్నాడు.

ఇంకేముంది, వారం తిరక్కుండానే గుండె పట్టేసింది. ఒళ్ళంతా చెమటలు. చచ్చిపోతానని భయమేసి భార్య చెయ్యి పట్టుకున్నాడు. "మంగా... డబ్బా జాగ్రత్తే!"

ఆసుపత్రిలో గొట్టానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డ తీసి మళ్ళీ బతికించారు. మంగాయమ్మ వీపు వెనక చుట్ట సంగతీ, కిటికీలోంచి కాజాల సంగతీ చెప్పి, గర్వంగా డబ్బా మూత తీసింది. "చూడండి డాక్టరుగారూ, ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు."

డాక్టరు నుదురు ఠపీమని కొట్టుకున్నాడు. "మింగడానికమ్మా మాత్రలు! అయిపోకముందే ఇంకో డబ్బా కొనుక్కోవాలి! పొగా వద్దు, తీపీ వద్దు, ఎటు నుంచీ వద్దు!" అని అరుస్తూ దగ్గరుండి గవర్రాజు చేత మాత్ర మింగించాడు. మంగాయమ్మ బావురుమంది. డాక్టరు గవర్రాజుకేసి వేలు చూపించాడు. "రోజూ ఇలాగే మింగాలి. తేడా వస్తే నీ ప్రాణానికి నా పూచీ లేదు!"

ఆ మాటకి గవర్రాజు హడలిపోయాడు. అంతే, రోజూ ఇలాగే. పొద్దున్నే తను మంచమెక్కి పడుకునేవాడు. తాతబ్బాయి తెల్లచొక్కా తొడుక్కొచ్చి నుదురు ఠపీమని కొట్టుకుని "మింగడానికమ్మా మాత్రలు!" అని అరిచేవాడు. మంగాయమ్మ బావురుమనేది. అప్పుడు గవర్రాజు గుటుక్కున మింగేవాడు.

నెల తిరిగాక పరీక్ష చేసి, గొట్టం శుభ్రంగా ఉందని డాక్టరు సంతోషించాడు. చూస్తే పక్కనే తాతబ్బాయి నుదురు బూరెలా పొంగి ఉంది.

"ఇదేంటయ్యా?"

బుల్లెబ్బాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరు రెండు చేతులతోనూ నుదురు టపటపా బాదుకున్నాడు.

గవర్రాజు గుండె ఝల్లుమంది.

"ఓరి నాయనోయ్, రెండు చేతులతోనట్రా తాతబ్బాయీ! ఇన్నాళ్ళూ ఒక్క చేత్తో సరిపెట్టి నా ప్రాణం మీదికి తెచ్చావు కదరా!"